ఛందస్సు రసపాత్ర కాదు: గురజాడ గేయకథల ఆధారంగా ఒక ఆక్షేపణ

తెలుగు శాఖల్లో వెలువడుతున్న కావ్య పరిశీలనల్లో ఒక అధ్యాయం దాదాపు అనివార్యమైపోయింది. దాని పేరు ‘ఛందో వైవిధ్యం’. అందులో ఒక పట్టిక ఉంటుంది. కందాలు ఇన్ని, సీసాలు ఇన్ని, వృత్తాలు ఇన్ని, గేయాలైతే ఏ పాదానికి ఎన్ని మాత్రలు అన్న లెక్క ఉంటుంది. దాని వెనువెంటనే ‘రసపోషణ’ అనే మరో అధ్యాయం వస్తుంది. ఈ రెండింటినీ కలిపే దారంగా ఎక్కడో ఒక వాక్యం కనిపిస్తుంది: కవి రసానుగుణమైన ఛందస్సును ఎన్నుకొన్నాడు. నా ఆక్షేపణ ఆ ఒక్క వాక్యం మీద.

ఆ వాక్యాన్ని నేనూ రాశాను. స్నాతకోత్తర పరీక్షల్లో రాశాను, మార్కులు పొందాను. నా సిద్ధాంత వ్యాసపు తొలి ముసాయిదాలోనూ రాశాను. ఆ వాక్యంతో వచ్చిన చిక్కేమిటంటే అది ఎన్నడూ తప్పు కాజాలదు. వీరరసానికి మత్తేభం వస్తే గాంభీర్యం కనుక తగినదంటాం. కరుణకు అదే మత్తేభం వస్తే శోకంలోని ఉదాత్తత కనుక తగినదంటాం. కవి ఏ ఛందస్సు వాడినా అది రసానుగుణమే అయినప్పుడు, అలా చెప్పడం వల్ల మనకు కొత్తగా తెలిసిందేమిటి? విరుద్ధ సాక్ష్యానికి తావులేని ప్రతిపాదన పరిశోధనలో ప్రతిపాదనగా నిలవదు. అయినా మన గ్రంథాల్లో అది నిర్ధారణ స్థానంలో కూర్చుంది.

దీని మూలం ప్రాచీనమైనదే. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు సువృత్తతిలకం మూడో విన్యాసంలో వృత్తాలకు విషయాలను నిర్దేశించాడు. వర్షర్తువుకూ ప్రవాస వేదనకూ మందాక్రాంత, రాజుల శౌర్యస్తుతికి శార్దూలవిక్రీడితం, వీరరౌద్రాల కలయికకు వసంతతిలకం తగినవన్నాడు. మన అధ్యాపక సంప్రదాయం ఈ భాగాన్ని కంఠస్థం చేసింది. అదే విన్యాసంలో ఆయన చెప్పిన రెండో మాటను మాత్రం వదిలేసింది. ఏయే కవి చేతిలో ఏయే వృత్తం రాణించిందో కూడా క్షేమేంద్రుడు చెప్పాడు. కాళిదాసుకు మందాక్రాంత, భవభూతికి శిఖరిణి, భారవికి వంశస్థం, రాజశేఖరుడికి శార్దూలవిక్రీడితం అన్నాడు. వృత్తంలోనే రసం నిక్షిప్తమై ఉంటే ఈ రెండో జాబితాకు అవసరమేమి? శిఖరిణి అందరి చేతిలోనూ ఒకేలా పలకదని ఆయనకు తెలుసు. పైగా ఆయన మాట్లాడింది రాయబోయే కవులతో. వారికిచ్చిన సలహాను మనం రాసివున్న కావ్యాలకు తూనికరాయిగా మార్చుకొన్నాం.

తెలుగులో ఈ తూనికరాయిని పోతన ఒక్కడే చాలినంతగా అరగదీశాడు. శౌర్యస్తుతికి తగినదని క్షేమేంద్రుడన్న శార్దూలంలోనే గజేంద్రుడు తన బలం సన్నగిల్లిందని, ధైర్యం సడలిందని, ప్రాణాలు నిలకడ తప్పాయని మొరపెట్టుకొంటాడు. ఇంతకన్నా వీరవిముఖమైన పద్యం ఉంటుందా? అదే ఘట్టంలో వైకుంఠంలోని అంతఃపురాన్ని చూపే పద్యమూ, విష్ణువు ఉన్నపళాన బయలుదేరడాన్ని చెప్పే పద్యమూ రెండూ మత్తేభాలే. గణాలు ఒకటే, యతిస్థానం ఒకటే. మొదటిదానిలో ‘లోపల, ఇంకా లోపల’ అన్నట్టు అధికరణాలు వరుసకట్టి మనల్ని నగరిలోంచి సౌధానికి, వనానికి, సరస్సు పక్కకు తీసుకుపోతాయి; పద్యం ముగిసినా వాక్యం ముగియదు. రెండోదానిలో చిన్న చిన్న వ్యతిరేక క్రియలు ఒకదాని మీద ఒకటి పడతాయి: ఆ పని చేయడు, ఈ పని చేయడు. ఒక పద్యంలో తాపీ, మరో పద్యంలో తొందర. ఈ తేడాను మత్తేభం తెచ్చిపెట్టలేదు. మత్తేభం మీదుగా వాక్యం నడిచిన తీరు తెచ్చింది. పట్టికలో మాత్రం ఇవి ‘మత్తేభాలు: 2’ అవుతాయి.

పద్యాన్ని ఇంతటితో విడిచి నా పరిశోధనకు దగ్గరైన గురజాడ గేయకథలకు వస్తాను. నేను పొరబడిన చోటు కూడా అదే.

1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన ‘ముత్యాల సరములు’తో గురజాడ ఒక కొత్త నడకను నెలకొల్పాడు. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు జంటగా నడిచే మిశ్రగతి అది. పాదానికి పద్నాలుగు మాత్రల చొప్పున మూడు పాదాలు, నాలుగోది కురచ పాదం. లాక్షణికులు దీన్ని వృషభగతి రగడతో ముడిపెట్టి చూపారు. వృషభగతి పాదం ఇరవై ఎనిమిది మాత్రలు. దాన్ని రెండుగా విరిచి, యతిప్రాసల బంధం సడలించి, చివర ఒకచోట తుంచితే ముత్యాలసరం వస్తుంది. ఈ వంశవృక్షం గురించి పెద్దలు చాలినంత రాశారు; నేను చేర్చవలసింది లేదు.

నా ముసాయిదాలోని పట్టికలో ‘పూర్ణమ్మ’, ‘కన్యక’, ‘లవణరాజు కల’ మూడింటికీ ఎదురుగా ‘ముత్యాలసరం’ అని రాసుకొన్నాను. దాదాపు రెండేళ్లు ఆ పట్టిక అలాగే ఉంది. ఒకరోజు డిగ్రీ విద్యార్థులకు ‘పూర్ణమ్మ’ చదివి వినిపిస్తూ, ముత్యాలసరం గతి తెలియజెప్పాలని బల్ల మీద వేళ్లతో మిశ్రచాపు వేయడం మొదలుపెట్టాను. రెండో పాదానికే వేళ్లు ఒకదారి, గొంతు ఒకదారి అయ్యాయి. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి, ‘మేడమ్, తాళం తప్పుతోందండీ’ అంది. తప్పింది తాళం కాదు, నా పట్టిక.

‘పూర్ణమ్మ’ ముత్యాలసరం కాదు. అది నాలుగేసి మాత్రల చతురస్రగతి. దీర్ఘపాదం పదహారు మాత్రలు, అంటే మధురగతి రగడ పాదానికి సమానం. కురచ పాదం మూడు గణాలూ చివర రెండు మాత్రలూ కలిసి పద్నాలుగు. నా పొరపాటుకు మూలం ఈ పద్నాలుగే. ముత్యాలసరపు నిండు పాదం కూడా పద్నాలుగు మాత్రలే కదా! ఒకటి మూడు-నాలుగు-మూడు-నాలుగుగా నడిచిన పద్నాలుగు, మరొకటి నాలుగు-నాలుగు-నాలుగు-రెండుగా నడిచి ఆగిన పద్నాలుగు. మొత్తాన్ని మాత్రమే రాసుకొనే పట్టికకు ఈ రెండూ ఒకటే. పదహారు మాత్రల పాదాలు అడ్డం వచ్చినప్పుడు ‘కవి స్వేచ్ఛ’ అని ఒక మాట రాసి దాటిపోయాను. ‘కవి స్వేచ్ఛ’ అన్న ఆ మాట కూడా మన గ్రంథాల్లో తరచూ కనిపించేదే. చాలాచోట్ల దాని అర్థం, పరిశోధకుడు అక్కడ గట్టిగా చదివి చూడలేదని.

తప్పు దిద్దుకొన్నాక పట్టిక సరైంది. అయినా నా రసాధ్యాయం ఒక్క అక్షరం కూడా మారనక్కరలేకపోయింది! నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఛందస్సును పూర్తిగా తప్పుగా గుర్తించినా చెక్కుచెదరని రస విశ్లేషణకు ఛందస్సుతో సంబంధమేమిటి? పూర్వసమర్పణ సదస్సులో ఒక విజ్ఞులు, ‘చతురస్రగతి లాలిత్యానికి అనువు, అందుకే కరుణకు తగింది అని ఒక పేరా చేర్చండి, సరిపోతుంది’ అన్నారు. అంతకు ముందు ముసాయిదాలో ‘మిశ్రగతి ఒడిదుడుకులు కరుణకు తగినవి’ అన్న పేరా ఉంది. దాన్ని తీసి దీన్ని పెట్టాలి. మధురగతి అన్న పేరులోని మాధుర్యం చూసి రేపు మరొకరు శృంగారమనవచ్చు. వృషభగతి అన్న పేరు చూసి వీరమనవచ్చు.

నిజానికి గురజాడ కథలు ఈ సమీకరణాన్ని రెండువైపుల నుంచీ భగ్నం చేస్తాయి. ‘ముత్యాల సరములు’ గేయంలో వేకువవేళ తోకచుక్కను చూపుతూ భార్యతో సాగే సంభాషణ ఉంది, ప్రణయం ఉంది, లోకహితచింత ఉంది. ‘లవణరాజు కల’లో ఒక రాజు కలలో మాలపడుచును పెళ్లాడి కులాన్ని నిలదీసే ఘట్టం ఉంది. ‘కన్యక’లో ఒక శెట్టి కూతురు రాజును ధిక్కరించి అగ్నిలో దూకుతుంది. మూడింటి నడకా ఒకటే, మనోభావాలు మూడు. రెండోవైపు చూడండి. పూర్ణమ్మ, కన్యక ఇద్దరూ బాలికలే. ఇద్దరి చావుకూ మగవాళ్ల లోకమే కారణం. ఒకరికి ధనం తీసుకొని ముసలివాడికి కట్టబెట్టిన తండ్రి, మరొకరికి కన్నేసిన రాజు. ఇద్దరూ దేవత సన్నిధికి వెళ్తూనే లోకాన్ని విడిచిపోతారు. ఇంత సమీప వస్తువులకు కవి రెండు వేర్వేరు గతులు ఎంచుకొన్నాడు. గతికి రసం కట్టుబడి ఉంటే ఇది ఎలా సాధ్యం?

గతి ఏమీ చేయదని నేననడం లేదు. చేస్తుంది. ఎక్కడ చేస్తుందో చూడాలంటే వాక్యాన్ని కూడా చూడాలి.

‘కన్యక’ మొదటి చరణం అలంకరణతో ఆరంభమవుతుంది. చీర, పూలు, బొట్టు, పాదానికొకటి చొప్పున. ప్రతి పాదమూ క్త్వార్థకంతో ముగుస్తుంది: ఈ పని చేసి, ఆ పని చేసి, మరొకటి చేసి. మూడు పాదాల పాటు సమాపక క్రియ రాదు. నాలుగో పాదం కురచగా తెగుతుంది. అక్కడ గొంతు ఆగుతుంది. కాని ఆ పాదం కూడా అసమాపకమే. ఊపిరి ఆగింది, వాక్యం ఆగలేదు. మిశ్రగతిలోని మూడు-నాలుగు అసమత, ఈ వ్యాకరణపు అసమాప్తి, రెండూ ఒకే దిశలో తోస్తాయి. వినేవాడు ఆ పిల్ల వెంట వీధిలోకి నడవక తప్పదు. రాజు చూపు పడే చోటికి మనల్ని తీసుకుపోయేది ఈ తోపు. ఇందులో రౌద్రం ఇంకా లేదు. పండుగ కళ తప్ప మరేమీ లేదు. రౌద్రం రాబోయే స్థలానికి నడక మాత్రం ముందే మొదలైంది.

‘పూర్ణమ్మ’లో దీనికి సరిగ్గా వ్యతిరేకం. పుట్టింది, పెరిగింది అని సమాపక క్రియలతో వాక్యాలు ముగిసిపోతుంటాయి. నాలుగేసి మాత్రల నడక లాలిపాటల్లో, ఆడపిల్లల ఆటపాటల్లో మన చెవికి అలవాటైన నడక. కథకుడు ఆరంభంలోనే వినేవాళ్లను స్త్రీలుగా, కన్నెలుగా సంబోధించి ఈ కథ విన్నారా అని అడుగుతాడు. అంటే పాట ఆడవాళ్ల మధ్య పాడుకొనే పాటగా రూపుదిద్దుకొంది. పిల్ల పెళ్లి ముసలివాడితో అయిన తరువాత కూడా ఈ నడక తొట్రుపడదు. కథ విషాదంలోకి దిగుతుంటే పాట పూలు కోసిననాటి అడుగులతోనే సాగుతుంది. చతురస్రగతి లలితం కనుక కరుణకు తగిందన్న పేరా ఇక్కడ బోర్లాపడుతుంది. అది కరుణకు తగింది కాదు, తగనిది. ఆ తగనితనం వల్లే గుండె పట్టుకొంటుంది. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుడికి ఇది అభ్యంతరం కాకపోవచ్చు. పోలిక ఒక్కటే ఔచిత్యమని ఆయన ఎక్కడా కట్టడి చేయలేదు.

ఈ కథలో కురచ పాదం చేసే పని మరీ విశేషమైనది. పుత్తడిబొమ్మ అన్న విశేషణంతో పూర్ణమ్మ పేరు మళ్లీ మళ్లీ కురచ పాదంలో వస్తుంది. పేరు ఎప్పుడూ పాదాంతంలోనే, ఆ చివరి గణంలో, తరువాత రెండు మాత్రల నిశ్శబ్దంతో. వినేవాడి చెవి ఆ స్థానాన్ని ఆమెకోసం కేటాయించుకొంటుంది. ఇప్పుడు చివరి చరణానికి రండి. ఆమె కళ్ల కాంతులు కలువలను చేరాయని, మేని మెరుగు మేలిమిని చేరిందని, నడక సొగసు హంసలను చేరిందని, చివరకు ఆమె దుర్గను చేరిందని కవి చెబుతాడు. ఒకే క్రియ నాలుగు పాదాల్లోనూ. తొలి పాదంలో క్రియ చివర ఉంది. తరువాతి మూడింటిలో క్రియ ముందుకు జరిగి, కర్త పాదాంతానికి పోతుంది. ఆ జరగడం వల్ల నాలుగో పాదం చివర, ఆమెకు అలవాటైన ఆ స్థానంలోనే, పేరు పడుతుంది. కాని దాని పక్కన ఇన్నాళ్లూ ఉన్న పుత్తడి లేదు. అది రెండు పాదాల ముందే మేలిమిలో కలిసిపోయింది. విశేషణం కూడా ఆమెను విడిచిపోయాక మిగిలిన ఒట్టి పేరు అది. ఆరంభంలో కథకుడు సంబోధించిన శ్రోతలు కూడా మేలిమి బంగారంతోనూ కలువ కన్నులతోనూ పోల్చబడినవాళ్లే. ఆమెవి ఏవి ఎవరిని చేరాయో అప్పుడు అర్థమవుతుంది.

ఇది రసచర్చా, ఛందోచర్చా? రెండు అధ్యాయాల్లో ఎక్కడ పెట్టాలో తెలియక ఈ పరిశీలన చాలాకాలం నా నోటుపుస్తకంలో ఉండిపోయింది. అధ్యాయ విభజన అనుమతించనందువల్ల గ్రంథానికి ఎక్కని ఇలాంటి పరిశీలనలు మరెందరి నోటుపుస్తకాల్లో ఉన్నాయో!

ఒక అభ్యంతరాన్ని ఎదుర్కొనక తప్పదు. ఛందస్సుకు స్వభావమే లేదంటున్నావా అని పెద్దలు అడగవచ్చు. లేదనను. సీసపాదాలు ఒకే తూగుతో నాలుగుసార్లు తిరిగి వస్తాయి కనుక వర్ణనలను, గుణాలను, పోలికలను వరుసపెట్టడానికి వీలిస్తాయి. ఎత్తుగీతి ఆ వరుసను ఒకచోట ముడివేస్తుంది. కందం ఇరుకు కనుక పొదుపు నేర్పుతుంది. ఇవి నిర్మాణ సౌకర్యాలు. ఒక గదికి ఎన్ని తలుపులున్నాయో చెప్పినంత మాత్రాన ఆ గదిలో పెళ్లి జరిగిందో చావు జరిగిందో చెప్పినట్టు కాదు. సీసంలో శృంగారమూ వరుసకడుతుంది, శోకమూ వరుసకడుతుంది. పరిశోధకుడు చెప్పవలసింది ఏది ఏ తలుపు గుండా వచ్చిందన్నది. మరొకరు, గురజాడ గేయాలు పాడదగినవి కనుక రాగం వల్ల వచ్చిన భావాన్ని ఛందస్సుకు అంటగడుతున్నావనవచ్చు. ఆ ప్రమాదం ఉంది, ఒప్పుకొంటాను. 1955 నాటి ‘కన్యాశుల్కం’ చిత్రంలోని పూర్ణమ్మ పాట చెవిలో ఉన్నవారికి ఈ గేయాన్ని దాని వరస లేకుండా చదవడం కష్టమే. అందుకే పైన నేను చెప్పినవన్నీ వరస తెలియనివారికి కూడా కాగితం మీద కనిపించే విషయాలకే పరిమితం చేశాను: క్రియ ఎక్కడుంది, పేరు ఎక్కడుంది, పాదం ఎక్కడ తెగింది.

ఈ వాదులాటతో నేటి పరిశోధనకు పనేమిటనే ప్రశ్నకు కూడా జవాబు చెప్పుకోవాలి. ఇప్పుడు మా తరం పరిశోధకుల్లో అనేకులు పనిచేస్తున్నది వచన కవిత మీద. కుందుర్తి 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ నెలకొల్పిన తరువాత ఆ ప్రక్రియ ప్రధాన స్రవంతి అయింది. ఆ పరిశోధనల్లో ‘ఛందో వైవిధ్యం’ అధ్యాయం సహజంగానే ఉండదు. దానితోపాటు రూప చర్చ మొత్తం మాయమవుతోంది. వస్తువు, నేపథ్యం, దృక్పథం మిగులుతున్నాయి. ‘వచన కవితకు ఛందస్సు లేదు కనుక’ అన్న ఒక ఉపోద్ఘాత వాక్యంతో పంక్తి విరుపు, క్రియాస్థానం, పునరుక్తి, విరామం అన్నీ విశ్లేషణ బయటికి పోతున్నాయి. రూపమంటే గణాల లెక్క అని నేర్పిన చదువుకు ఇది తార్కిక పర్యవసానమే. లెక్కపెట్టడానికి గణాలు లేనిచోట చూడడానికి ఇంకేమీ లేదనిపిస్తుంది. గణాలున్న చోట కూడా వాక్యాన్ని చూసివుంటే, గణాలు లేని చోట చూపు ఆరిపోయేది కాదు. పద్యాన్ని అలా చదివిన తప్పుకు ఈనాడు వచన కవిత మూల్యం చెల్లిస్తోంది.

నా ప్రతిపాదన చిన్నది. ఛందస్సుకు, రసానికి విడివిడి అధ్యాయాలు వద్దు. గణవిభజన అనుబంధంలోకి వెళ్లాలి, పూర్తిగా, నిర్దుష్టంగా. మొత్తం మాత్రలే కాక గతి కూడా రాయాలి. వ్యాసభాగంలో పరిశోధకుడు ఎంచుకొన్న ప్రతి పద్యానికీ లేదా చరణానికీ వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, పాదాంతంలో ఏ పదం నిలిచిందో చెప్పితీరాలి. మౌఖిక పరీక్షలో ఒక చరణమైనా గట్టిగా చదివించాలి. ఈ చివరి మాటకు కొందరు నవ్వుతారు. బల్ల మీద వేళ్లు తప్పకపోతే నా పట్టికలో ‘పూర్ణమ్మ’ ఈనాటికీ ముత్యాలసరమే.

ముసాయిదాను మార్చాను. ‘ఛందో వైవిధ్యం’ అధ్యాయం తీసేసి, నాలుగు గేయకథలకు నాలుగు అధ్యాయాలు పెట్టాను. అధ్యాయాల పేర్లు నిర్దేశిత ప్రణాళికకు భిన్నంగా ఉన్నాయని, అనుమతి కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలని శాఖ నుంచి లేఖ వచ్చింది. దరఖాస్తుకు జతపరచడానికే ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాను.